నెమ్మదిగా తినేవాళ్ళు

ఇక్కడ పుట్టగొడుగు చెట్టు కంటే ఎత్తు.
నవ్వకండి. యమాల్ టుండ్రాలో భూర్జవృక్షం
చీలమండ దాటి లేవదు,
గాలికి వంగీ వంగీ చివరికి నేల మీదే పాకుతుంది.
దాని ఆకుల మీంచి మెడ చాచి చూస్తుంది
ఆగస్టులో గోధుమరంగు గొడుగు,
పెళ్ళిపందిట్లో పొడుగాటి మేనమామలా.

సరిగ్గా అప్పుడే మంద చెదిరిపోతుంది.
చలికాలమంతా గిట్టలతో మంచు తవ్వి
ఎండు నాచు నమిలిన రెయిన్‌డీర్
ఆ వాసన తగిలితే చాలు, తాడు మాటా వినదు, కుక్క మాటా వినదు.
యెవాయ్ రెండు రోజులుగా చిత్తడిలో పరుగు.
దొరికిన ప్రతి జింకనీ తిడుతున్నాడు,
తిట్టిన ప్రతిదాని మెడా నిమురుతున్నాడు.

అతని అక్క హద్నే మాత్రం పుట్టగొడుగు ముట్టదు.
జింకల తిండి జింకలదే, అంటుంది.
పట్నం నుంచి సెలవులకొచ్చిన కూతురు ఇల్నే
వెన్నలో వేయించి పెడితే
మూకుడు వంక చూసి, ముక్కు చిట్లించి,
పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"తినకపోతే పోనీ, విను."
ఇల్నే గుడారం బయట మోకాళ్ళ మీద కూర్చుని
గోటితో నేల గీరింది.
నాచు కింద తెల్లటి దారాలు,
సాలీడు సగంలో వదిలేసిన నేతలా.
"గొడుగుది నాలుగు రోజుల ముచ్చట. అసలు మనిషి ఇదీ.
కింద ఎన్నటికీ కరగని నేల, పైన తొమ్మిది నెలల మంచు,
మధ్యలో ఈ మూరెడు మట్టే దీని ఊరు.
విల్లో వేళ్ళకి నీళ్ళు మోసి
కూలి తీపిగా పుచ్చుకుంటుంది.
చలి ముదరగానే ఆ తీపిని ఒంటినిండా పాకం పట్టుకుంటుంది,
లోపలి నీళ్ళు సూదులై పొడవకుండా.
ఒంట్లో కొవ్వునీ మార్చుకుంటుంది,
పేరుకునేది తీసేసి, జారేది పెట్టుకుంటుంది."

హద్నే అప్పుడు తలెత్తింది.
"జింక కాలి మూలగ కూడా అంతే కదే.
గిట్ట దగ్గరిది ఎంత చలికీ గడ్డకట్టదు.
మా అమ్మ దాంతోనే తోలుపట్టీలు మెత్తబరిచేది.
ఈమాత్రం తెలుసుకోడానికి అయిదేళ్ళు చదివావా?"

ఇల్నే దగ్గర జవాబు లేదు.
మూకుడులోది తనే తినేసింది, ఒక్క ముక్కా మిగల్చకుండా.

సెప్టెంబరు. బండ్ల వరస దక్షిణానికి కదిలింది.
దారిలో దిబ్బ దగ్గర ఆగారు.
అక్కడ అమ్మమ్మ,
గడ్డకట్టిన నేల లోపలికి రానివ్వదు గనక
చెక్కపెట్టెలో, ఆకాశం కిందే.
పక్కన ఆమె బండి, బోర్లా.
గంట కొట్టారు, మేమొచ్చామని.

బండి కమ్మి మీద నల్లటి మచ్చలు.
ఇల్నే గోరు ఆనించింది, కొంచెం దిగింది.
"ఇదీ ఆ బంధువర్గమే. ఆ నలుపే దీనికి ఎండదెబ్బ తగలకుండా అడ్డు.
ఏడాదికి రెండు నెలలు తింటుంది,
మిగతా పది నెలలు
ముద్ద నోట్లో ఉండగానే ఆగిపోతుంది.
ముప్పై ఒక్క ఏళ్ళకి ఇదిగో, గోరు మందం.
తారు పూస్తే ఇదీ ఆగుతుంది."

యెవాయ్ గీకడానికి కత్తి తీశాడు.
హద్నే అతని మణికట్టు పట్టుకుంది.
"వద్దురా. తిననీ.
అమ్మకీ చివర్లో పళ్ళు లేవు.
ఒక్క మాంసం ముక్క పొద్దున దవడన పెట్టుకుంటే
దీపం ఆర్పేదాకా చప్పరించేది.
మనమెవరం తొందరపెట్టామా?"

కత్తి ఒరలోకి వెళ్ళింది.
ఇల్నే గోటి కింద నల్లటి పొడి అలాగే ఉంది,
తుడుచుకోలేదు.

బండ్లు కదిలాయి. ఒక్క జింక కదల్లేదు.
మూతినిండా బురద, కళ్ళు సగం మూసి
దేన్నో నములుతోంది.
యెవాయ్ మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు.